ఇంట్లో వస్తువులతో సోల్డరింగ్ సామాను: ఏవి చేసుకోవచ్చు, వేటి జోలికి పోకూడదు

తమ్ముడూ, నీ ప్రశ్న క్లుప్తంగా ఇది కదా: పాలిటెక్నిక్ చదువుతున్నావు, ప్రాజెక్టు కోసం ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, చిన్న బోర్డులు అతికించాలి, చేతిలో డబ్బు పెద్దగా లేదు, పెన్సిల్‌తోనూ బ్లేడుతోనూ లైటర్‌తోనూ సోల్డరింగ్ ఐరన్ చేసే వీడియోలు చూశావు, అవి నిజంగా పనిచేస్తాయా, ఇంట్లో ఉన్నవాటితో ఇంకేం చేసుకోవచ్చు. నేను చాలా ఏళ్లుగా రేడియోలు, టీవీలు, మిక్సీలు బాగుచేసే కొట్టు నడుపుతున్నాను. సామాను కొనలేక ఆగిపోయే పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. స్టాండు, పట్టుకునే చేతులు, ఫ్లక్స్ (లోహం మీది మురికి పొర తీసే మందు), పీకే సామాను, పొగ లాగే ఫ్యాను, ఇవన్నీ ఇంట్లో చేసుకో, కొన్నవాటికి ఏమీ తీసిపోవు. వేడి పుట్టించే భాగం కూడా నేనే చేస్తానంటే మంట మీద కాల్చే రాగి బిట్టు (వేడెక్కి అతికించే మొన) చెయ్యి, లేదా 12 వోల్టుల అడాప్టర్ మీద నడిచేది చెయ్యి. గోడ ప్లగ్గులోని 230 వోల్టులకు తగిలించే ఐరన్ మాత్రం ఏ వీడియో చూసీ సొంతంగా కట్టొద్దు. ఈ ఒక్క మాట దగ్గర నేను బేరానికి రాను.

పెన్సిల్ సంగతి చూద్దాం. రెండు చివర్లా చెక్కిన పెన్సిల్‌కి 12 వోల్టులు ఇస్తే లోపలి నల్ల కడ్డీ ఎర్రగా కాలడం నిజమే, వీడియోలో అబద్ధం లేదు. కానీ ఆ కడ్డీ గ్రాఫైట్, మట్టి కలిపి చేసింది, దానికి సోల్డర్, అంటే కరిగించి అతికించే తగరం సీసం మిశ్రమం, అంటుకోదు. సోల్డరింగ్‌లో వేడి బిట్టు నుంచి బోర్డుకి చేరేది బిట్టు చివర తడిగా అంటుకుని ఉన్న కరిగిన సోల్డర్ ద్వారానే. ఆ తడి లేకపోతే పొడి కడ్డీ ఒక్క చుక్క దగ్గర ఆని ఉంటుంది, అక్కడ మాడిపోతుంది, పక్కన సోల్డర్ కరగనే కరగదు. ఇక కడ్డీ నిరోధం కొద్ది ఓములే కాబట్టి నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది, మామూలు అడాప్టర్ అయితే ఆగిపోతుంది, బైక్ బ్యాటరీ అయితే ఆగకుండా ఇస్తుంది, అప్పుడు చెక్క పొగలొచ్చి అంటుకుంటుంది. ఇంకో రకం వీడియోలో ఒక వైరు కడ్డీకి, ఇంకో వైరు అతికించే ముక్కకే పెడతారు. ఆ పద్ధతిలో కరెంటు నీ జాయింటు గుండానే పోతుంది, పక్కన ఐసీ (చిన్న నల్ల చిప్) ఉంటే అది చచ్చినట్టే.

అంతకన్నా ఘోరమైనవి రెండున్నాయి. ఉప్పునీళ్ల గ్లాసు మధ్యలో పెట్టి 230 వోల్టులతో కార్బన్ కడ్డీలు కాల్చేది ఒకటి. ఆ నీళ్లు, ఆ వైర్లు, నీ చెయ్యి, అన్నీ గోడ ప్లగ్గు కరెంటులో ఉన్నట్టే లెక్క, పైగా ఆ నీళ్లలోంచి క్లోరిన్ కూడా రావచ్చు. రెండోది పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పి అందులో ట్రాన్స్‌ఫార్మర్ తీసేది. దాని సెకండరీలో, అంటే కరెంటు బయటికి ఇచ్చే చుట్టలో, దాదాపు 2000 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసేశాక కూడా లోపల కెపాసిటర్ చార్జి పట్టుకుని ఉండొచ్చు. ఒక్కసారి తగిలితే రెండో అవకాశం ఇవ్వదు. దయచేసి వాటి జోలికి పోవద్దు.

లైటర్ మీద రాగి తీగ చుట్టి చేసేది మాత్రం పూర్తిగా కొట్టిపారేసేది కాదు, అది నిజానికి పాత పనే. కరెంటు లేని రోజుల నుంచీ రేకు డబ్బాలు, కిరసనాయిలు బుడ్లు చేసేవాళ్లు లావుపాటి రాగి దిమ్మను నిప్పుల్లో కాల్చి, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) గడ్డ మీద రుద్ది, దాంతోనే అతికించేవాళ్లు. కిటుకంతా రాగి బరువులో ఉంది. లెక్క చూడు: 50 గ్రాముల రాగి 350 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు చల్లారేలోపు దాదాపు 2900 జౌల్‌ల వేడి ఇస్తుంది, అంటే 25 వాట్ల ఐరన్ సుమారు రెండు నిమిషాల్లో ఇచ్చే వేడి. లైటర్ చుట్టూ సన్న తీగ చుడితే బరువు ఒకటి రెండు గ్రాములు ఉంటుంది, అది బోర్డును తాకగానే చల్లబడిపోతుంది, అందుకే జనం ఇది పనిచెయ్యదు అంటారు.

కాబట్టి మంట బిట్టు చెయ్యాలంటే ఎర్తింగ్‌కి వాడే 8 గేజ్ రాగి తీగ తీసుకో, 4 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. అదే గేజ్‌లో జీఐ తీగ కూడా అమ్ముతారు, అది ఇనుము, మనకు పనికిరాదు, రాగిదే అని అడుగు. ఇంకా లావు రాగి కడ్డీ పాత సామాన్ల కొట్లో దొరికితే మరీ మంచిది. ఒక చివర ఆకురాయితో ఉలి మొనలాగా వాలుగా అరగదీసి, రెండో చివర ఆకురాయికి పెట్టే చెక్క పిడిలో దిగ్గొట్టు. స్పిరిట్ దీపం మీదో, గాలి దెబ్బకు ఆరని జెట్ లైటర్ మీదో మొనకు కాస్త వెనక కాల్చు, మొనను మంటలో పెట్టకు. మంట అంచు ఆకుపచ్చగా మారడం కనిపిస్తే వేడి చాలినట్టే, తీసెయ్యాలి. రాగి ఎర్రబడేదాకా ఉంచావంటే మొన మీది సోల్డర్ పూత మాడి నల్లబడుతుంది, మళ్లీ అరగదియ్యాలి. ఈ బిట్టుతో వైర్లు కలపొచ్చు, బ్యాటరీ బాక్సు ట్యాగులు, స్పీకర్ వైర్లు, స్విచ్చులు అతికించొచ్చు. బోర్డు మీద చిన్న భాగాలకు కష్టం, వేడి ఎంతుందో చేతికి తెలియదు కాబట్టి రాగి ట్రాకు (బోర్డు మీది కరెంటు పోయే రాగి గీత) ఊడొస్తుంది. వంటింటి గ్యాస్ పొయ్యి మీద మాత్రం చెయ్యొద్దు. సోల్డర్‌లో సీసం ఉంటుంది, అన్నం వండే చోట సీసం చుక్కలు పడకూడదు.

నీ పనికి సరిపోయేది 12 వోల్టుల ఐరన్. ఇంట్లో పాత రౌటర్‌దో సెటాప్ బాక్సుదో అడాప్టర్ ఉంటే దాని మీద అచ్చేసింది చదువు, 12 వోల్టులు 2 ఆంపియర్లు ఉండాలి. 1 ఆంపియర్ అయితే 12 వాట్లకు మించి రాదు, ఎల్‌ఈడీ కాళ్లు అతికించడానికే ముక్కుతూ మూలుగుతూ సరిపోతుంది. మనకు 20 వాట్లు కావాలి, అంటే 7 ఓముల తీగ. 30 గేజ్ నైక్రోమ్ తీగ, అంటే హీటర్లలో ఎర్రగా కాలే రకం తీగ, మీటరుకు సుమారు 14 ఓములు ఉంటుంది, కనుక అరమీటరు తీసుకుంటే సరిగ్గా కుదురుతుంది, కరెంటు 1.7 ఆంపియర్లు వస్తుంది. పాత హీటర్ కాయిల్ ముక్క కోసి వాడొచ్చు కానీ అది ఎక్కువ లావుంటుంది, 7 ఓములకు మీటరు పైనే పడుతుంది, చిన్న బిట్టు మీద ఒక్క వరసలో పట్టదు. ఏదైనా సరే మల్టీమీటర్‌తో కొలిచే కొయ్యి.

పాడైపోయిన ఇస్త్రీ పెట్టె విప్పితే లోపల అభ్రకం రేకులు ఉంటాయి, మన గూడూరు వైపు గనుల్లో తవ్వేది ఇదే. 500 డిగ్రీల దాకా నిక్షేపంగా తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు. మరీ పాత పెట్టెలో తెల్లగా, దూది పీచులాగా ఏదైనా తాడో ప్యాడో ఉంటే దాన్ని కదపకుండా మూసి పక్కన పెట్టెయ్యి, అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. ఇదే 8 గేజ్ రాగి తీగ ఎనిమిది సెంటీమీటర్లు తీసుకుని, నాలుగు సెంటీమీటర్ల మేర అభ్రకం చుట్టి, దాని మీద నైక్రోమ్ చుట్టు. చుట్టుకీ చుట్టుకీ మధ్య సన్న సందు ఉండాలి, ఒకదానికొకటి తాకితే అక్కడ నిరోధం పడిపోతుంది. ముప్ఫై అయిదు చుట్లు అటూ ఇటూగా పడతాయి. పైన ఇంకో పొర అభ్రకం చుట్టి, పౌడరు డబ్బా రేకు కోసి గొట్టంలా తొడిగి, సన్న బైండింగ్ వైరుతో బిగించు. నైక్రోమ్ తీగ రెండు చివర్లనూ విడిగా వదిలిన కాస్త భాగం మడిచి మెలేస్తే అక్కడ వేడి తక్కువ పుడుతుంది. దానికి సోల్డర్ అంటదు కనుక ప్లాస్టిక్ కనెక్టర్ లోపలుండే ఇత్తడి ముక్క తీసి, స్క్రూలు బిగించి అడాప్టర్ వైరు కలుపు. పిడి చెక్కదే ఉండాలి. మొదటిసారి వేడెక్కుతున్నప్పుడే మొనకు ఫ్లక్స్, సోల్డర్ పెట్టి పూత పట్టించు, ఆలస్యం చేస్తే రాగి నల్లబడి తర్వాత పట్టదు. ఇందులో షాక్ భయం లేదు, కాలే భయం, అంటుకునే భయం అలాగే ఉన్నాయి. మంచం మీద, పుస్తకాల మధ్య పెట్టి పనిచెయ్యకు.

ఉత్త రాగి బిట్టుకి ఒక గుణం ఉంది, తెలుసుకో. కరిగిన సోల్డర్‌లో రాగి మెల్లమెల్లగా కరుగుతుంది, మొన గుంటలు పడుతుంది. అందుకే కంపెనీ బిట్ల మీద ఇనుప పూత వేస్తారు. మనది గుంటపడితే ఆకురాయితో అరగదీసి మళ్లీ పూత పట్టించు, తప్పేం లేదు. కొన్న బిట్టుని మాత్రం అరగదియ్యొద్దు, ఇనుప పూత పోతే దాని పని అయిపోయినట్టే. నీ బిట్టు ఏ రకమో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడు, లాగితే పూత ఉన్నట్టు.

ఇంత శ్రమ ఎందుకు అనిపిస్తే రెండు మూడు వందల రూపాయల్లో 25 వాట్ల మంచి ఐరన్ వస్తుంది, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కోండి. నా సలహా నిజానికి అదే. కొట్లోనే మల్టీమీటర్ పెట్టి చూడు: ప్లగ్గు రెండు పిన్నుల మధ్య 2000 ఓములకు కాస్త అటూ ఇటూగా చూపాలి, ఆ రెండింటిలో ఏ పిన్నుకైనా బిట్టుకీ మధ్య ఏమీ చూపకూడదు. చూపితే ఆ ఐరన్ కొనొద్దు, బోర్డులో ఐసీలు పోతాయి, చేతికీ షాక్ కొడుతుంది.

ఇప్పుడు మిగతా సామాను. స్టాండుకి ఇనుప తీగ హ్యాంగర్ విరగ్గొట్టి లావుపాటి మార్కర్ మీద స్ప్రింగులా చుట్టి చెక్కకు మేకులతో బిగించు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న హ్యాంగర్ అయితే ఆ తొడుగు ముందే ఒలిచెయ్యి. బల్ల మీద మిగిలిపోయిన ఫ్లోర్ టైలు ముక్క పరుచుకో, కాలదు, సోల్డర్ అంటదు. బిట్టు తుడవడానికి తడిపి పిండిన నూలు గుడ్డ మడత చాలు, పాత పంచె ముక్క అయినా సరే. అంట్లు తోమే స్పాంజి, పాలిస్టర్ గుడ్డ బిట్టుకి కరిగి అంటుకుంటాయి. స్టీలు పీచు బాగానే తుడుస్తుంది కానీ ఇనుప పూతను గీకేస్తుంది, ఇత్తడి పీచు దొరికితే ఒక చిన్న డబ్బాలో కుక్కి పెట్టుకో.

మూడో చెయ్యి కావాలంటే చెక్క ముక్కకు లావు రాగి తీగలు రెండు దిగ్గొట్టి, చివర క్రొకడైల్ క్లిప్పులు పెట్టు, ఎటు వంచితే అటు నిలబడతాయి. బట్టల క్లిప్పులైతే చెక్కవి వాడు, ప్లాస్టిక్‌వి కరుగుతాయి. అంతకన్నా తేలిక పద్ధతి, కటింగ్ ప్లేయర్ పిడుల చుట్టూ రబ్బర్ బ్యాండు వేసేస్తే దాని నోరు మూసుకునే ఉంటుంది, చిన్న పట్టుకారుగా పనికొస్తుంది. నా బల్ల మీద ఇప్పటికీ అదే ఉంటుంది.

ఫ్లక్స్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్ల జాయింట్లు చెడేది వేడి చాలక కాదు, ఎక్కువసార్లు మురికి వల్ల. రాగి మీద, భాగాల కాళ్ల మీద గాలికి ఒక సన్న పొర పడుతుంది, అది పోతే తప్ప సోల్డర్ పాకదు. ఆ పొర తీసేదే ఫ్లక్స్. ఎలక్ట్రానిక్స్‌కి రోజిన్ ఒక్కటే వాడు. ఇది పైన్ చెట్ల బంక నుంచి వచ్చే పసుపు రంగు గడ్డ. వయొలిన్ కమానుకి రుద్దేదీ ఇదే, సంగీత వాయిద్యాల కొట్లో చిన్న బిళ్ల దొరుకుతుంది. దాన్ని మెత్తగా దంచి, ఒక వంతు రోజిన్‌కి మూడు వంతుల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి గాజు సీసాలో రాత్రంతా ఉంచితే తేనె రంగు ద్రవం తయారవుతుంది. పాత నెయిల్ పాలిష్ సీసా కడిగి అందులో పోసుకుంటే కుంచె కూడా మూతకే ఉంటుంది. కలిపేటప్పుడు దగ్గర్లో మంట గానీ వేడి ఐరన్ గానీ ఉండకూడదు, ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. శానిటైజర్ జెల్ పనికిరాదు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. నిమ్మరసం, వెనిగర్, రేకు పనివాళ్ల యాసిడ్, నవాసాగరం ఇవన్నీ రాగిని తళతళలాడిస్తాయి, అందుకే వీడియోల్లో బాగుంటాయి. నెల తిరిగేసరికి బోర్డు మీద పచ్చగా చిలుం పట్టి ట్రాకులు తెగుతాయి. బిందెకు మాటు వేసుకోవడానికి అవి సరే, సర్క్యూట్ బోర్డుకి వద్దు.

సోల్డర్ తీగ మాత్రం మంచిదే కొను, 60/40 లేదా 63/37 (మొదటి అంకె తగరం శాతం, రెండోది సీసం శాతం), లోపల ఫ్లక్స్ ఉన్నది, సన్నది. 63/37 సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, 60/40 అక్కడ మొదలై 190 డిగ్రీల దాకా మెత్తగా ఉంటుంది. సీసం లేని రకాలకు 217 డిగ్రీలు దాటాలి, మన ఇంటి ఐరన్‌కి అది బరువు.

అతికించినది పీకాలంటే సక్కర్ (కరిగిన సోల్డర్‌ని లాగే చిన్న పంపు) లేకపోయినా ఫరవాలేదు. పాత ఆడియో కేబుల్ పైతొక్క తీస్తే లోపల సన్న రాగి తీగల అల్లిక ఉంటుంది, దాన్ని రోజిన్ ద్రవంలో ముంచి ఆరబెట్టి, జాయింటు మీద పెట్టి పైనుంచి ఐరన్ ఆనిస్తే సోల్డర్‌ని పీల్చుకుంటుంది. డిష్ టీవీ కేబుల్‌లో అల్లిక చాలావరకు అల్యూమినియం, దానికి సోల్డర్ అంటదు, అది పట్టుకుని గంట సేపు తంటాలు పడకు. అల్లిక దొరక్కపోతే మామూలు మల్టీ స్ట్రాండ్ వైరు రెండంగుళాలు ఒలిచి వాడినా సరే. ఐసీ కాళ్లకైతే మెడికల్ షాపులో కొత్త ఇంజెక్షన్ సూది కొను, పసుపు రంగు మొదలున్నది, అది 20 గేజ్. మొనను రాతి మీద అరగదీసి చదును చేసి, జాయింటు కరిగించి, సూదిని కాలు మీద తొడిగి మెల్లగా తిప్పుతూ ఉంటే సోల్డర్ గట్టిపడేసరికి కాలు విడిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుకి సోల్డర్ అంటదు కాబట్టి. వాడేసిన సూదులు ఎక్కడి నుంచీ తీసుకోవద్దు. బోర్డులో పూడుకుపోయిన రంధ్రాలకు చీపురు ఈనె చాలు. కరిగించి గుచ్చితే శుభ్రంగా తెరుచుకుంటుంది.

కొన్న 25 వాట్ల ఐరన్ గంటల తరబడి పెట్టి ఉంచితే బిట్టు మాడుతుంది. 1ఎన్4007 డయోడు ఒకటి దాని లైన్లో సిరీస్‌గా పెట్టి, ఆ డయోడుకి సమాంతరంగా స్విచ్ పెడితే, స్విచ్ తీసినప్పుడు ఐరన్ సగం పవరుతో వెచ్చగా ఉంటుంది, వేసినప్పుడు పూర్తి వేడి వస్తుంది. ఖర్చు కొద్ది రూపాయలే కానీ ఇది 230 వోల్టుల పని, కాబట్టి మూసి ఉండే స్విచ్ బోర్డులో ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకో.

పొగ గురించి చాలామంది పొరబడతారు. ఆ పొగ సీసానిది కాదు, ఈ వేడికి సీసం ఆవిరి కాదు, అది రోజిన్ పొగ. అయినా రోజూ పీలిస్తే ఆస్తమా తెచ్చిపెడుతుంది. పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి 12 వోల్టుల అడాప్టర్‌కి తగిలించి, పొగను నీ ముఖానికి దూరంగా కిటికీ వైపు లాగేలా పెట్టు. జాయింటు మీదికి గాలి కొట్టేలా పెడితే అది చల్లారిపోతుంది. సీసం ఒంట్లోకి వెళ్లేది చేతుల నుంచి, అందుకే పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తిను. బల్ల మీద పడ్డ చుక్కల్ని ఊడ్చి, ఒక మట్టి ప్రమిదలో వేసి దాచు, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకు అందకుండా.

ప్రాజెక్టు బోర్డు ముందే ముట్టుకోకు. పాత సామాన్ల కొట్లో పాడైన రేడియో బోర్డో సీఎఫ్ఎల్ బల్బు బోర్డో అడిగి తెచ్చుకో. సీఎఫ్ఎల్ అయితే గాజు గొట్టం పగిలినది తీసుకోకు, అందులో పాదరసం ఉంటుంది. దాని మీది రెసిస్టర్లు పీకి, రంధ్రాలు తెరిచి, తిరిగి అవే పెట్టు. బిట్టును కాలుకీ ట్రాకుకీ ఒకేసారి ఆనించి, రెండు మూడు సెకన్లు ఆగి, సోల్డర్‌ని బిట్టుకి కాకుండా జాయింటుకి అందించు. సోల్డర్ కాలు చుట్టూ పాకి మెరుస్తూ వాలుగా నిలిస్తే సరిగ్గా వచ్చినట్టు, ముత్యంలా గుండ్రంగా పైన కూర్చుంటే ఆ చోట వేడో ఫ్లక్సో చాలలేదు, మళ్లీ చెయ్యి. ఆ పాత బోర్డు మీద వరసగా పది జాయింట్లు నచ్చేలా వచ్చాక నీ బోర్డు తియ్యి. ముందు వైర్లు, తర్వాత రెసిస్టర్లు, ఐసీకి నేరుగా కాకుండా సాకెట్ అతికించి చివర్లో ఐసీ అందులో గుచ్చు.